లోయల్లోని వార్డు నుంచి వేల్స్ పత్రికకు: నా అనుభవం

బ్రిటన్‌లో ఒక భాగమైన వేల్స్‌లో ఆసుపత్రులు ఎలా నడవాలి, బళ్లలో ఏం చెప్పాలి, ఇంటి ముందు రోడ్డు మీద కారు ఎంత వేగంతో వెళ్లాలి, ఇవన్నీ తేల్చేది రాజధాని కార్డిఫ్‌లోని సెనెద్. అంటే వేల్స్ పార్లమెంటు. కానీ ఇక్కడి జనం చదివే పేపర్లు, చూసే వార్తలు చాలావరకు లండన్ నుంచే వస్తాయి. దాని ఫలితం నాకు వార్డులో కనిపిస్తూనే ఉంటుంది. తల్లిని కేర్ హోమ్‌లో చేర్చాల్సి వచ్చిన కొడుకు పేపర్ కటింగ్ పట్టుకుని వస్తాడు. 23,250 పౌండ్ల కంటే ఎక్కువ ఆస్తి ఉంటే ఖర్చంతా మనమే పెట్టుకోవాలని అందులో ఉంటుంది. అది ఇంగ్లండ్ లెక్క. వేల్స్‌లో ఆ హద్దు 50,000 పౌండ్లు. మందుల చీటీల రేటు పెరిగిందని టీవీలో చెబితే పెద్దవాళ్లు కంగారుపడి మమ్మల్ని అడుగుతారు. వేల్స్‌లో 2007 ఏప్రిల్ నుంచి మందుల చీటీకి అసలు డబ్బే తీసుకోరు.

నాది విశాఖపట్నం, గాజువాక. ఆంధ్రా మెడికల్ కాలేజీలో చదివి, ఈ దేశం వచ్చి, దక్షిణ వేల్స్ లోయల్లోని ఒక ఆసుపత్రిలో వృద్ధుల వార్డు చూసుకుంటున్నాను. మావారు, పిల్లలు, నేను ఇక్కడే స్థిరపడ్డాం. ఈ లోయల్లో మన దేశపు డాక్టర్లు కొత్త కాదు. 1960, 70ల్లో ఇక్కడి వాళ్లు రావడానికి ఇష్టపడని గని ఊళ్లలో జీపీలుగా, అంటే ఊరి కుటుంబ డాక్టర్లుగా, కుదురుకున్నవాళ్లలో భారతీయులు చాలామంది. మా పేషెంట్లలో ఎనభై దాటిన అవ్వలు తమ పడుచు వయసులో చూసిన ఇండియన్ డాక్టర్ గురించి ఇప్పటికీ ప్రేమగా చెబుతారు.

నేను రాయాలనుకున్న విషయం ఒకటే. మా వార్డులో వైద్యం పూర్తయి, ఇంటికి వెళ్లగలిగి కూడా మంచం మీదే ఉండిపోతున్న పెద్దవాళ్లు. ఇంటి దగ్గర పొద్దున, సాయంత్రం వచ్చి లేపి, స్నానం చేయించి, తిండి పెట్టే కేర్ వర్కర్ దొరికేదాకా వాళ్లను పంపలేం. వేల్స్ మొత్తం మీద ఇలా ఆగిపోయినవాళ్లు ఏ నెల లెక్క చూసినా వెయ్యికి పైనే ఉంటున్నారు. ఆసుపత్రులు 7 హెల్త్ బోర్డుల కింద ఉంటాయి. ఇంటి దగ్గర సంరక్షణ 22 కౌన్సిళ్ల బాధ్యత. డబ్బు రెండు వేరు వేరు దారుల్లో వస్తుంది. మధ్యలో మా వార్డులోని అవ్వ ఉంటుంది. మంచం మీద పడి ఉన్న ఒక్కో వారం ఆమె కాళ్లలో సత్తువ పోతుంటుంది. వచ్చినప్పుడు నడిచిన మనిషి, వెళ్లేటప్పుడు నడవలేదు. ఇది చూస్తూ ఊరుకోవడం నా వల్ల కాలేదు.

వేల్స్ వర్తమాన వ్యవహారాల మీద వ్యాసాలు వేసే ఒక చిన్న పత్రిక గురించి మా ఫిజియోథెరపిస్ట్ చెప్పింది. బయటివాళ్లు కూడా రాయొచ్చని, ముందు ఒక పేజీలో విషయం చెబుతూ ఎడిటర్‌కు మెయిల్ పెట్టాలని దాని పద్ధతి. పంపడానికి ముందు పాత వ్యాసాలు తీసి చదివాను. చదువుతూ చదువుతూ వ్యాసాల కంటే వాటి కింద ఉండే రెండు వాక్యాల రచయిత పరిచయాలే ఎక్కువగా చూశాను. ఎందుకంటే నా చేతిలో ఉన్నది ఇండియన్ పాస్‌పోర్టు. వెల్ష్ భాష మాట్లాడలేను. వీళ్ల రాజకీయాల మీద రాసే హక్కు నాకుందా అన్న సందేహం లోపల గట్టిగానే ఉంది.

ఆ పరిచయాల్లో కనిపించిన మనుషులు నేను ఊహించినవాళ్లు కారు. రాజ్యాంగ చట్టం పాఠం చెప్పే లెక్చరర్, మాజీ సెనెద్ సభ్యురాలు, ప్రభుత్వ విధానాల మీద అధ్యయనం చేసే సంస్థల్లో పరిశోధకులు, వీళ్లు ఉంటారని తెలుసు. వాళ్ల పక్కనే పశ్చిమ వేల్స్‌లోని కెరెడిజియన్‌లో గొర్రెలు పెంచే రైతు ఉన్నాడు. చర్చి పాస్టర్ ఉన్నాడు. రిటైరైన బస్సు డ్రైవర్ తన లోయలో ఆగిపోయిన సాయంత్రం బస్సుల గురించి రాశాడు. ఇంటర్ వయసు అమ్మాయి ఒకతె 16 ఏళ్లకే ఓటు రావడం గురించి రాసింది. సెనెద్ ఎన్నికల్లో 16, 17 ఏళ్లవాళ్లు మొదటిసారి ఓటేసింది 2021లో. సెనెద్ సభ్యుల సంఖ్యను 60 నుంచి 96కు పెంచుతూ 2024లో వచ్చిన చట్టం మీద లెక్చరర్ రాసిన వ్యాసం నాకు సగమే అర్థమైంది. దానికి జవాబుగా ఒక మాజీ కౌన్సిల్ ఉద్యోగి రాసింది మాత్రం పూర్తిగా అర్థమైంది. తాను ఎన్నికల రోజున పోలింగ్ కేంద్రంలో కూర్చుని చూసినదే ఆయన రాశాడు.

నాకు ఇందులో వేల్స్ పద్ధతి కనిపించింది. ముప్పై లక్షల పైచిలుకు జనం ఉన్న దేశం ఇది. పెద్ద పత్రికా సంస్థలు లేవు, ఉన్నవి చిక్కిపోతున్నాయి. కాబట్టి ప్రజా విషయాల మీద మాట్లాడే పనిని వేరే ఉద్యోగాలు చేసుకునే మనుషులే తలకెత్తుకున్నారు. ఇది ఈనాటిది కాదు. ఎన్‌హెచ్‌ఎస్‌ను, అంటే ఈ దేశపు ప్రభుత్వ వైద్య సేవను, 1948లో నిలబెట్టిన ఆరోగ్య మంత్రి అన్యురిన్ బెవన్ ట్రెడెగర్‌లో 13 ఏళ్లకే గనిలోకి దిగినవాడు. గ్లింకోరుగ్ అనే గని ఊళ్లో జీపీగా పనిచేసిన జూలియన్ ట్యూడర్ హార్ట్ 1971లో ఒక వ్యాసం రాశాడు. వైద్యం ఎక్కువ అవసరమైన చోటే మంచి వైద్యం తక్కువగా దొరుకుతుందన్నది ఆయన చెప్పిన సూత్రం. ప్రపంచమంతా వైద్య విద్యార్థులు చదువుకునే ఆ సూత్రం తట్టింది ఒక చిన్న ఊరి డాక్టర్‌కు. రోజూ చేసే పనిలోంచి చూసి రాయడానికి ఈ నేల మీద ఇంత చరిత్ర ఉందని గుర్తొచ్చాక నా సందేహం చాలావరకు తీరింది.

మెయిల్ పెట్టాను. ఎడిటర్ నుంచి రెండే ప్రశ్నలు వచ్చాయి. ఇందులో వార్డులో ఉన్న మీకు మాత్రమే కనిపించేది ఏమిటి? దీని వల్ల ఎవరు ఏ నిర్ణయం మార్చుకోవాలని మీ ఉద్దేశం? నా డిగ్రీల గురించి, ఏ దేశం నుంచి వచ్చానన్న దాని గురించి ఒక్క మాట అడగలేదు. ఆ రెండు ప్రశ్నలకు జవాబు రాస్తుంటేనే వ్యాసం సగం తయారైంది.

తర్వాతి మెట్టు అనుమతులు. ఎన్‌హెచ్‌ఎస్‌లో పనిచేసేవాళ్లు బయట రాసేటప్పుడు హెల్త్ బోర్డుకు ముందు చెప్పాలి. వాళ్లు ఆపరు కానీ, ఇది సంస్థ మాట కాదు, నా సొంత అభిప్రాయం అని స్పష్టంగా ఉండాలంటారు. పేషెంట్ల విషయంలో నేను ఇంకా గట్టిగా ఉన్నాను. ఊరి పేరు, వయసు, జబ్బు ఏదీ ఏ ఒక్కరికీ అతకకుండా రాశాను. చిన్న లోయల్లో పేరు రాయకపోయినా సరే, వీధి, కుక్క పేరు చెబితే చాలు, అందరికీ తెలిసిపోతుంది. ఇవి కాక పత్రిక వాళ్ల ఫారం ఒకటి ఉంది. ఏదైనా పార్టీలో సభ్యత్వం ఉందా, ఈ విషయంలో డబ్బు లాభం ఏమైనా ఉందా, ఏ యూనియన్‌లో ఉన్నారు అని అడుగుతుంది. నాకు బాగా నచ్చిన భాగం ఇదే. రకరకాల మనుషులు రాసే చోట, ఎవరు ఎక్కడ నిలబడి మాట్లాడుతున్నారో చదివేవాళ్లకు తెలియాలి. రైతు సంఘం సభ్యుడు పొలాల్లో చెట్లు ఉండాలన్న నిబంధన గురించి రాస్తే అది తెలిసి చదవడం వేరు, తెలియక చదవడం వేరు. డాక్టర్ల సంఘంలో నా సభ్యత్వం గురించి రాసిచ్చాను.

మొదటి డ్రాఫ్ట్ మీద ఎడిటర్ పెన్సిల్ బాగానే తిరిగింది. చేయాలి, జరగాలి అనే వాక్యాలన్నీ పోయాయి. వాటి చోట ఎవరు, ఎప్పుడు, ఏ డబ్బుతో అన్న ప్రశ్నలు మార్జిన్‌లో పడ్డాయి. అంతకంటే ముఖ్యమైన పని ఇంకోటి జరిగింది. ఆసుపత్రి వైపు నుంచి కనిపించేది రాశారు, కౌన్సిల్ వైపు చూసిన మనిషితో ఒకసారి మాట్లాడతారా అని, ఇదే పత్రికకు రాసే ఒక పెద్దాయనను నాకు కలిపారు. కౌన్సిల్‌లో సోషల్ సర్వీసెస్ చూసి రిటైరైన మనిషి. కాఫీ షాపులో కూర్చుని, నోట్‌బుక్ తీసి, ఒక కేర్ వర్కర్ ఉదయం షిఫ్టును గీసి చూపించారు. ఒక ఇంటికీ ఇంకో ఇంటికీ మధ్య కొండ. ఎగిరి దాటితే రెండు మైళ్లే, రోడ్డు మీద వెళ్లాలంటే లోయ దిగి, చుట్టి, మళ్లీ ఎక్కాలి. అరగంట పనికి అరగంట ప్రయాణం. ప్రయాణానికి సరిగ్గా లెక్క కట్టని కంపెనీలో ఎవరు నిలుస్తారు? కౌన్సిల్ దగ్గర డబ్బున్న నెలలో కూడా కొండ మీది ఇళ్లకు మనిషి దొరకడని ఆయన చెప్పారు. ఆయన చెప్పిన ఆ ఉదయం షిఫ్టు నా వ్యాసానికి వెన్నెముక అయింది. ఇరవై ఏళ్లు వార్డుల్లో తిరిగినా ఆ మ్యాపు నాకు దొరికేది కాదు. డాక్టర్లు ఒక్కరే కూర్చుని ఆరోగ్య విధానం రాస్తే ఎందుకు కుంటుతుందో నాకు అక్కడ తెలిసింది.

వ్యాసం రావడానికి కొంచెం ముందు, ఆ పత్రికకు రాసేవాళ్లంతా కలుసుకునే సాయంత్రం ఒకటి కార్డిఫ్‌లో పెట్టారు. సంకోచంగానే వెళ్లాను. పేర్లు పెట్టే చిన్న బ్యాడ్జీల మీద ఉద్యోగం రాయలేదు, ఊరి పేరు రాశారు. దాంతో మాటలు ఊళ్లతోనే మొదలయ్యాయి.

నా పక్కన కూర్చున్నాయన బ్యాడ్జీ మీద పోర్ట్ టాల్బోట్ అని ఉంది. ఉక్కు ఫ్యాక్టరీలో జీవితమంతా పనిచేసిన మనిషి. పోర్ట్ టాల్బోట్‌లో టాటా స్టీల్ చివరి బ్లాస్ట్ ఫర్నేస్‌ను (ఖనిజం నుంచి ఇనుము తీసే కొలిమిని) 2024 సెప్టెంబర్ 30న ఆపేసింది. దాని చోట ఎలక్ట్రిక్ ఫర్నేస్ పెడుతున్నారు. అది తుక్కును కరిగిస్తుంది, దానికి అంతమంది మనుషులు అక్కర్లేదు. నేను ఇండియా అని తెలియగానే ఆయన టాటాల గురించి అడుగుతారని అనుకున్నాను. అడిగారు కూడా, కానీ కోపంగా కాదు. మీ దేశంలో ఫ్యాక్టరీ ఊళ్లు ఎలా ఉంటాయి, కార్మికుల కాలనీలు ఎవరు కడతారు అని. మా నాన్న విశాఖ స్టీల్ ప్లాంటులో పనిచేసి రిటైరయ్యారని చెప్పాను. 'విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు' అని జనం కొట్లాడి తెచ్చుకున్న ఫ్యాక్టరీ అని, 2021 జనవరిలో దాన్ని పూర్తిగా అమ్మేయాలని కేంద్రం నిర్ణయించాక గాజువాకలో ప్రతి ఇంట్లో ఎంత టెన్షన్ పడ్డారో చెప్పాను. ఆయన కుర్చీ నా వైపు తిప్పుకున్నారు. షిఫ్టు సైరన్లు, క్వార్టర్లు, ఒకే ఫ్యాక్టరీలో తాత, తండ్రి, కొడుకు పనిచేయడం, ఆ సంగతుల్లో మా ఇద్దరికీ ఒకరికొకరు వివరించుకోవాల్సిన అవసరమే రాలేదు.

ఆయన రాయడం ఎందుకు మొదలుపెట్టారో ఆ రోజే చెప్పారు. పోర్ట్ టాల్బోట్‌కు సొంత వారపత్రిక ఉండేది, పోర్ట్ టాల్బోట్ గార్డియన్. 2009లో మూతపడింది. దేశంలోనే పెద్ద ఉక్కు ఫ్యాక్టరీ ఉన్న ఊరికి పేపర్ లేదు! ఫర్నేస్ మూసేటప్పుడు లండన్ నుంచి కెమెరాలు వచ్చి, గేటు దగ్గర ఏడ్చే ముఖం ఒకటి తీసుకుని వెళ్లిపోయాయట. మూసిన తర్వాతి సంవత్సరం అప్రెంటిస్ పిల్లలు ఏం చేస్తున్నారో, క్యాంటీన్లో పనిచేసిన ఆడవాళ్లకు ఏ పని దొరికిందో రాయడానికి ఎవరూ రాలేదట. 'అందుకే నేనే రాశాను' అన్నారు. ఆయన వ్యాసం తర్వాత తెచ్చుకుని చదివాను. ఫ్యాక్టరీ జీతం మీద బతికిన బార్బర్ షాపు, స్కూల్ బూట్ల షాపు లెక్కలు ఒక్కొక్కటీ అందులో ఉన్నాయి. ఏ ఆర్థికవేత్తా ఆ షాపులోకి వెళ్లి అడిగి ఉండడు.

అక్కడే బ్యూట్‌టౌన్ నుంచి వచ్చిన టీచరమ్మ కలిశారు. బ్యూట్‌టౌన్ అంటే ఒకప్పటి ఓడరేవు పేట, సోమాలీ నావికుల కుటుంబాలు తరతరాలుగా ఉన్న చోటు. సెనెద్ భవనానికి అక్కడి నుంచి నడిచి వెళ్లొచ్చు. వేల్స్‌లో మొదటి నల్లజాతి హెడ్ టీచర్ బెట్టీ క్యాంప్‌బెల్ ఆ పేట మనిషే. ఆమె విగ్రహం 2021లో కార్డిఫ్ నడిబొడ్డున పెట్టారు. టీచరమ్మ రాసేది పాఠ్యాంశాల మీద. 2022లో మొదలైన కొత్త పాఠ్యప్రణాళికలో నల్లజాతి, ఆసియా ప్రజల చరిత్రను తప్పనిసరి చేశారు. అది నిజంగా తరగతి గదిలోకి చేరిందా అన్నది ఆమె పట్టుకున్న ప్రశ్న. నడిచి వెళ్లేంత దగ్గరలో పార్లమెంటు ఉన్నా, తమ పేట నుంచి దాని గురించి రాసేవాళ్లు చాలా కాలం లేరని ఆమె బాధ.

గొర్రెల రైతు కూడా వచ్చాడు. పొలంలో పది శాతం చెట్లు ఉండాలన్న ప్రతిపాదన మీద 2024 మార్చిలో సెనెద్ మెట్ల మీద 5,500 జతల గమ్ బూట్లు పేర్చి నిరసన తెలిపినవాళ్లలో అతనొకడు. ఆ ఏడాది చివర్లో ప్రభుత్వం ఆ పది శాతం షరతు తీసేసింది. ఆ సాయంత్రం ఒక పర్యావరణ పరిశోధకురాలు అతనితో గంటసేపు వాదించింది. ఇద్దరూ ఒకరి వ్యాసం ఒకరు లైన్లతో సహా చదువుకుని వచ్చారు. గొంతులు లేచాయి, మాట తూలలేదు. నేను మధ్యలో పకోడీ ప్లేటు లాంటిదేదో పట్టుకుని వింటూ నిలబడ్డాను. రైతు మాటల్లో ఒకటి నా పనికి పనికొచ్చింది. వాళ్ల ఊళ్లో పెద్దవాళ్లు పగటిపూట కలుసుకునే డే సెంటర్ మూసేశాక, ఒంటరి పెద్దవాళ్లు వారానికోసారి మనిషి ముఖం చూసేది పశువుల సంతలోనేనట. దాని మీద కలిసి రాద్దామని మాట్లాడుకుంటున్నాం.

నా వ్యాసం వచ్చింది. కింద పరిచయంలో దక్షిణ వేల్స్‌లో వృద్ధుల వైద్యురాలు, పుట్టింది విశాఖపట్నంలో అని రెండూ ఉన్నాయి. పుట్టిన ఊరు ఉండాలని నేనే అడిగాను. ఒక కౌన్సిల్ సభ్యురాలు ఉత్తరం రాసి, కొండ మీది ఇళ్లకు ప్రయాణ సమయం గురించి తమ కమిటీలో చర్చకు పెడుతున్నానంది. ఒక పాఠకుడు మాత్రం ఇది మా దేశపు వ్యవహారం, మీకెందుకు అని రాశాడు. దానికి నా సమాధానం సూటిగానే ఉంది. ఇక్కడ నివసించే హక్కుతో ఉన్న భారతీయులకు సెనెద్ ఎన్నికల్లో ఓటుంది, నేను ఓటు వేస్తాను, పన్ను కడతాను, మీ అమ్మగారికి ఒంట్లో బాగోకపోతే చూసేది కూడా నాలాంటివాళ్లమే. ఈ ఓటు సంగతి వేల్స్‌లో కొత్తగా దిగిన మన తెలుగువాళ్లలో చాలామందికి తెలియదు. పాస్‌పోర్టు మారేదాకా ఆగక్కర్లేదు, పేరు నమోదు చేసుకుంటే చాలు.

ఇంత మెచ్చుకున్నాక నా అసంతృప్తి కూడా చెప్పాలి. ఇలాంటి చిన్న పత్రికలకు రాస్తే డబ్బు రాదు, వచ్చినా నామమాత్రం. కన్సల్టెంట్ డాక్టర్ జీతం ఉన్న నాకు, పెన్షన్ ఉన్న కౌన్సిల్ పెద్దాయనకు అది లెక్క కాదు. యూనివర్సిటీలో ఉన్నవాళ్లకు రాయడం ఉద్యోగంలో భాగమే. గంటల లెక్కన జీతం తీసుకునే మనిషి ఒక ఆదివారం మొత్తం వ్యాసం మీద పెట్టాలంటే ఆ రోజు కూలి పోతుంది. కాబట్టి ఎన్ని రకాల మనుషులు కనిపించినా ఆ గదిలో ఒక పెద్ద ఖాళీ ఉంది. మా పెద్దవాళ్ల ఇళ్లకు తెల్లవారుజామున కారేసుకుని వెళ్లే కేర్ వర్కర్ ఒక్కరూ లేరు. నా వ్యాసం వాళ్ల గురించే, అయినా వాళ్లలో ఎవరూ రాసింది కాదు. ఈ మాట ఎడిటర్‌కు చెబితే కాదనలేదు. అలాంటివాళ్లు చెబుతుంటే రాసి పెట్టే మనిషి దొరికితే వేస్తామన్నారు.

ఆ పని నేను ఒప్పుకున్నాను. మా వార్డు నుంచి ఇంటికెళ్లే పెద్దవాళ్లను చూసే ఒక కేరళ అమ్మాయి, ఊళ్లో నర్సింగ్ చదివి ఇక్కడ కేర్ వర్కర్‌గా వచ్చినామె, చెప్పడానికి ముందుకొచ్చింది. షిఫ్టుల మధ్య కారులో కూర్చుని ఫోన్లో రికార్డు చేసి పంపుతుంది, రాత్రి నేను రాస్తాను, మర్నాడు ఆమెకు చదివి వినిపిస్తాను. తన మాట కానిది ఏదైనా దొర్లితే వెంటనే తీయిస్తుంది. ఆమె వీసా యజమాని చేతిలో ఉంది, ఆ ఉద్యోగం పోతే ఈ దేశంలో ఉండడమే కష్టమవుతుంది. అందుకే పేరు వేయొద్దంది. ఎడిటర్ ఒప్పుకున్నారు. రచయిత పరిచయంలో దేశం పేరు, ఊరి పేరు రెండూ వద్దని, లోయల్లో పెద్దవాళ్లను చూసుకునే కేర్ వర్కర్ అని మాత్రం ఉంటే చాలని ఆమే నిర్ణయించుకుంది. ప్రయాణ సమయం మీద ఆమె చెప్పిన భాగం పూర్తయింది. రాత్రి షిఫ్టుల గురించి రికార్డింగ్ ఈ వారం వస్తుంది.